గోరెమేలో మూడో రోజు

గోరెమే తుర్కియేలోని కప్పడోకియా ప్రాంతంలో ఒక ఊరు. ఇక్కడి ఫోటోలు ఎన్ని చూసినా, ఈ రాళ్ల మధ్య నిలబడితే కలిగే ఆశ్చర్యం వేరు. వీటిని ఇక్కడివాళ్లు 'పెరి బజలరి' అంటారు, అంటే దేవకన్యల పొగగొట్టాలు. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి మెత్తటి రాయి అయింది. దాని మీద గట్టి రాయి టోపీలా ఉన్నచోట స్తంభం నిలిచింది, చుట్టూ ఉన్నదంతా వానకీ గాలికీ కొట్టుకుపోయింది.

మా గది కూడా కొండలో తొలిచిందే. బయట ఎండ మాడుస్తున్నా లోపల చల్లగా ఉంది. గోడకి చెయ్యి ఆనిస్తే అరచేతికి సన్నటి పొడి అంటింది. కొండ ముఖాల నిండా చిన్న చిన్న గూళ్లు. పావురాల కోసం తొలిచారట, వాటి రెట్ట ద్రాక్షతోటలకి ఎరువు. రాళ్ల కంటే నాకు ఈ సంగతే ఎక్కువ నచ్చింది.

పొద్దున పక్కింటి పెద్దావిడ పిలిచి టీ ఇచ్చింది. నడుం సన్నగా ఉన్న బుల్లి గాజు గ్లాసు, పాలు లేవు, పక్కన రెండు చక్కెర బిళ్లలు. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు. గ్లాసు ఖాళీ అయిన ప్రతిసారీ నింపేస్తోంది. నాలుగోసారి తనే నవ్వి, చెంచాని గ్లాసు మీద అడ్డంగా పెట్టి చూపించింది. 'ఇక చాలు' అనడానికి అదే గుర్తట.