అనంతపురం ఎండల్లో విటమిన్ సి పొడి
నీటిలో కరిగిన ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, మా అనంతపురం వేడికి త్వరగా ఆక్సీకరణ చెంది, సీసాలోని సీరం (ముఖానికి రాసుకునే ద్రవం) మొదట లేత పసుపుగా, ఆపై గోధుమ రంగులోకి మారిపోతుంది కనుక, నేను పొడినే వాడుతున్నాను. తేమ తగలనంత వరకు పొడి చాలాకాలం నిలుస్తుంది. ఉదయం 5 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో అర గ్రాము, అంటే సుమారు 10 శాతం, పలుకు మిగలకుండా కరిగించి ముఖానికి పట్టిస్తాను. 20 శాతం దాటితే ఫలితం పెరగదు, మంట మాత్రం పెరుగుతుంది. మిగిలినది దాచను.

నిమ్మచెక్కతో ముఖం రుద్దుకునే అలవాటును మాత్రం దయచేసి మానండి. ఆ రసం మీద ఎండ పడితే చర్మం కమిలి నల్లమచ్చలు ఏర్పడవచ్చు. విటమిన్ సి సన్‌స్క్రీన్‌కు తోడే గానీ ప్రత్యామ్నాయం కాదు కాబట్టి, అది ఆరాక సన్‌స్క్రీన్ రాసుకునే బయటికి వెళ్తాను.