విడ్బీ ఐలాండ్‌లో చెక్క పెంకులు

సియాటిల్ దగ్గర్లోని విడ్బీ ఐలాండ్ అనే దీవికి వెళ్తున్నానంటే ఆఫీసులో తలా ఒక లిస్టు ఇచ్చారు, ఎబీస్ ల్యాండింగ్ ట్రెయిల్ ఎక్కు, లాంగ్లీలో కాఫీ తాగు, కూప్‌విల్‌లో మసల్స్ తిను అని. నేను అవేవీ చూడలేదు. లాంగ్ వీకెండ్ అంతా మా అన్నయ్య వాళ్ళ పెరట్లో నిచ్చెన మీదే గడిచిపోయింది, అయినా నాకు ఏమాత్రం బాధ లేదు, అక్కడ వేసిన చెక్క పెంకుల పైకప్పు గురించే రాయాలని కూర్చున్నా.

కార్లని ఆ దీవికి దాటించే ముకిల్టియో ఫెర్రీ సంగతి తెలిసిందేగా. శుక్రవారం సాయంత్రం లైను కొండ పైదాకా వచ్చేసింది, ఇరవై నిమిషాల ప్రయాణానికి కార్లో గంటన్నర పైన కూర్చోవాలి, వెనక సీట్లో వదిన తెమ్మన్న గోంగూర వాడిపోతోంది, ఒళ్ళు మండిపోయింది. అవతలి ఒడ్డున క్లింటన్‌లో దిగి చెట్ల మధ్య రోడ్డెక్కాక గానీ మనసు కుదుటపడలేదు.

అన్నయ్యంటే మా పెద్దమ్మ కొడుకు, అక్కడే ఇల్లు కొనుక్కున్నాడు. వదినకి తోటంటే ప్రాణం, ఆవిడ మొక్కలంటే అక్కడి జింకలకి ఇంకా ప్రాణం. విత్తనాలు, కుండీలు, పనిముట్లు పెట్టుకోడానికి పదడుగుల వెడల్పు పన్నెండడుగుల పొడవు చెక్క గది ఒకటి పెరట్లో లేపారు. గోడలయ్యాయి, వాసాలు ఎక్కించారు, కప్పు మిగిలింది. "రేకులు వేసేయొచ్చుగా అన్నయ్యా" అన్నాను. "మీ వదిన ఊరుకోదురా, చెక్క పెంకులే కావాలంటోంది" అన్నాడు. రెడ్ సీడర్ అనే చెట్టు చెక్కతో చేసిన పెంకులు, షింగిల్స్ అంటారు, కట్టలు కట్టలుగా గరాజ్‌లో పేర్చి ఉన్నాయి. రేటు చెప్తే నోట మాట రాలేదు, ఆ డబ్బుతో ఆఫ్ సీజన్‌లో హైదరాబాద్‌కి ఒకవైపు టికెట్ వచ్చేస్తుంది. ఒక్క చిన్న గదికి!

శనివారం పొద్దున్నే పక్కింటి పెద్దాయన వచ్చాడు. జీవితమంతా ఇళ్ళ కప్పులు వేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటి ఉంటాడు, చేతిలో ఒక చిన్న గొడ్డలి. ఒకవైపు సుత్తి, ఇంకోవైపు పదును, బ్లేడుకి వరసగా బెజ్జాలు, ఒక బెజ్జంలో చిన్న స్క్రూ. ఆ స్క్రూని కింది వరస అంచుకి తగిలిస్తే పై వరస ఎక్కడ మొదలవ్వాలో సుత్తి తలే చూపిస్తుంది, టేపు తీసే పని లేదు. చెక్క మరీ వెడల్పుగా ఉందంటే గొడ్డలి తిప్పి ఒక్క దెబ్బ, గీత గీసినట్టు రెండుగా చీలిపోతుంది. పిడి మీద ఆయన బొటనవేలు ఆనే చోట కర్ర అరిగి గుంట పడింది.

ఆయన ముందు చూసింది షింగిల్స్ కాదు, వాటి కింద ఏముందని. అన్నయ్య వాసాల మీద రీపర్లు, అంటే సన్నటి అడ్డ పట్టీలు, కొట్టించాడు, అయిదంగుళాలకొకటి, మధ్యలో ఖాళీలు వదిలి. అది చూసి తలూపాడు. "ప్లైవుడ్ పరిచి దాని మీదే కొట్టేస్తే పైన ఎండ తగిలి ఆరుతుంది, కింద ఆరదు, చెక్క రెండువైపులా ఆరాలి" అన్నాడు. తడవకుండా చూడ్డం గురించి ఒక్క మాట లేదు, ఆరడం గురించే చెప్తున్నాడు. నాకు అదే వింతగా అనిపించింది.

చూరు దగ్గర మొదటి వరస రెండు పొరలు, అంచు ఒకటిన్నర అంగుళం బయటికి, నీళ్ళు గోడ మీద పడకుండా. ఆ తర్వాత మామూలు వరసలు. నేను పక్కపక్కన బిగించి పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. పక్క చెక్కకీ దీనికీ మధ్య పావంగుళం సందు ఉండాలట, వానకి తడిసి ఉబ్బినప్పుడు చోటు లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేచిపోతాయి. మరి ఆ సందులోంచి నీళ్ళు దిగవా అంటే, దిగుతాయి, దిగి కింద ఉన్న చెక్క నడుమ పడి జారిపోతాయి, అందుకే కింది వరస సందుకీ పై వరస సందుకీ కనీసం ఒకటిన్నర అంగుళం ఎడం. చెక్క పొడవు పదహారంగుళాలు, బయటికి కనిపించేది అయిదే, అంటే కప్పు మీద ఎక్కడ వేలు పెట్టినా కింద మూడు పొరలున్నట్టు. ఈ లెక్క అర్థమయ్యాక ఇంక కిందకి దిగబుద్ధి కాలేదు.

మేకులు చెక్కకి రెండే, ఎంత వెడల్పున్నా రెండే, అవీ పై వరస కప్పేసే చోట, తల చెక్కకి ఆనితే చాలు, లోపలికి దిగకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి, మామూలు ఇనుపవి అయితే సీడర్‌లో ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి నల్లటి చారలు దిగుతాయి. ఇంకోటి, కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ పొట్టు పడక ఆయాసం పట్టుకున్న పనివాళ్ళున్నారట.

మధ్యాహ్నం లోపలికెళ్ళి పైకి చూస్తే రీపర్ల మధ్యనుంచి అక్కడక్కడా సన్నటి వెలుగు. ఒక్కసారిగా మా కోనసీమ ఇల్లు గుర్తొచ్చింది. గూన పెంకుల ఇల్లు, మధ్యాహ్నం పూట సావిట్లో నేలంతా ఎండ చుక్కలు. తొలకరికి ముందు ఇల్లు నేయించేవాళ్ళు, పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దడానికి మనుషులొస్తే పిల్లలం వరసగా నిలబడి పెంకులు అందించేవాళ్ళం, నాయనమ్మ అరుగు మీంచి "కొప్పు మీద కాలెయ్యకురా" అని ఒకటే కేకలు. 1996 నవంబర్ తుఫానుకి సగం పెంకులు ఎగిరిపోయాయి, ఆ తర్వాత నాన్న స్లాబ్ వేయించేశారు. ఆ స్లాబ్ కింద వేసవిలో ఇప్పటికీ పడుకోలేం.

అందుకే పెద్దాయన్ని గాలి గురించి గుచ్చి గుచ్చి అడిగాను. మన పెంకులు బరువుతో కూర్చునేవి, ఇవి తేలిక, కానీ ప్రతిదానికీ రెండు మేకులు, ఆ మేకుల్ని పై వరస అదిమి పడుతుంది. ఆయన గరాజ్ కప్పు చిన్నకూతురు పుట్టకముందు వేసిందట, చూపించాడు, చెక్కంతా బూడిద రంగుకి తిరిగింది గానీ ఒక్కటి కూడా లేవలేదు.

ఆ రాత్రి సన్నగా వాన పడింది. పొద్దున టార్చ్ పట్టుకుని అన్నయ్యా నేనూ వేసినంత మేరా లోపల వెతికాం, చుక్క లేదు. వదిన ఆనందం చూడాలి. ఇంటిక్కూడా ఇవే వేద్దామని అన్నయ్యకి ఉండేది, ఇన్సూరెన్స్ వాళ్ళు కర్ర కప్పు అనగానే కుదరదన్నారట. వేసవి వేసవికీ కార్చిచ్చుల పొగ చూస్తున్నాం కాబట్టి ఇంటి విషయంలో నేనూ పట్టుబట్టను, కానీ ఇంటికి దూరంగా పెరట్లో ఉన్న గదికి, అదీ ఇంత వాన పడే చోట, తారు షింగిల్స్ వేసుకోవడం నాకిప్పుడు అస్సలు నచ్చట్లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఫెర్రీ లైనుకి భయపడి డిసెప్షన్ పాస్ బ్రిడ్జి మీదుగా చుట్టు తిరిగొచ్చాను. దారిలో రొసారియో బీచ్ దగ్గర అక్కడి ఆదివాసులు సమిష్ తెగ వాళ్ళ కథ చెక్కిన నిలువెత్తు స్తంభం ఉంది, అదీ సీడరే. ఈ తీరం తెగల ఇళ్ళూ పడవలూ ఆ చెట్టుతోనే. వేలు పెట్టి చూశాను, అవే సన్నటి నిలువు గీతలు.

కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు మాత్రం నేనుండగా అవ్వలేదు, అక్కడ చెక్కల్ని ఒకసారి ఎడమ మీద కుడి, ఒకసారి కుడి మీద ఎడమ ఎక్కించాలి, ఆ పని పెద్దాయన ఎవరికీ ఇవ్వనన్నాడు. దాని కిందగా రాగి పట్టీ కూడా బిగిస్తారట, వాన నీళ్ళు దాని మీంచి పారితే పాచి పట్టదు. ఏటా రాలిన ఆకులు మాత్రం ఊడ్చాల్సిందే, లేకపోతే చెక్క ఆరదు. అక్టోబర్‌లో రమ్మని వదిన ఇప్పుడే చెప్పేసింది, గోంగూర మర్చిపోకుండా తెమ్మంది.