పాట ఒకటి చెబితే, బొమ్మ మరొకటి చూపింది

1991లో అమెరికన్ రాక్ బృందం ఆర్.ఇ.ఎం. విడుదల చేసిన ‘లూజింగ్ మై రెలిజియన్’ పాట పేరు చూసి, అది మతవిశ్వాసం కోల్పోయినవాడి గోడు కాబోలని నేను చాలాకాలం పొరబడ్డాను. నిజానికి ఆ మాట అమెరికా దక్షిణాది నుడికారం. సహనం నశించి ఇక తట్టుకోలేని స్థితికి వచ్చానని దాని భావం. పాటలో ఉన్నది బదులు రాని ప్రేమ, మరీ ఎక్కువ చెప్పేశానేమో, చాలినంత చెప్పలేదేమో అన్న మథనం.

జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ దర్శకత్వం వహించిన వీడియో మాత్రం ఆ నుడికారాన్ని పక్కనపెట్టి, పదాల పైఅర్థాన్నే పట్టుకుంది. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జియో చిత్రాల వెలుగునీడలు, కొలంబియా రచయిత గార్షియా మార్క్వెజ్ కథను గుర్తుచేసే రెక్కల ముసలివాడు, బాణాలు గుచ్చుకున్న పునీతుడు, హిందూ దేవతామూర్తుల ఛాయలు, వీటిలో ఏదీ పాట సాహిత్యంలో లేదు. ఈ ఆడంబరం కొన్నిచోట్ల మితిమీరిందనే నా అభిప్రాయం.

నన్ను పట్టి నిలిపేది ఆరంభ దృశ్యం. వాన కురుస్తుండగా, మసకచీకటి గదిలో కిటికీ దగ్గరున్న పాలకూజా కిందపడి పగిలిపోతుంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మనవాళ్లు అంటారు కదా. గాయకుడు ఇంకా నోరు విప్పకముందే ఆ ఒలికిన పాలు అతని బాధను చెప్పేశాయి. ఆ తరువాత ఆ గాయకుడు, మైకేల్ స్టైప్, లయకు లొంగని చేతులను విసురుతూ ఆడే తీరులోనూ అదే తడబాటు కనిపిస్తుంది.