తేనెపిట్ట గూటికి సాలీడు దారం

ఉగాది వెళ్లిందంటే విశాఖపట్నం శివార్లలో, ఆనందపురం దాటి లోపలికి ఉన్న మా పల్లెలో, పొద్దున తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటుంది. అందువల్ల పెరట్లోని పిట్టలనూ పురుగులనూ తీరిగ్గా చూడదలచినవారు తెల్లవారకముందే లేవవలసి ఉంటుంది.

మా వసారాలో వేలాడే పాత కరెంటు తీగ చివర ఈ వేసవి మొదట్లో ఒక ఆడ తేనెపిట్ట గూడు కట్టింది. గడ్డిపోచలు, బెరడు పొట్టు, ఎండుటాకు ముక్కలు, ఆఖరికి గొంగళిపురుగుల పెంటికలు కూడా ఏరి తెచ్చి, వాటన్నిటినీ సాలెగూటి దారాలతో అతికించి, పొడవాటి సంచిగా వేలాడదీసి, పక్కన చిన్న ద్వారం పెట్టి, దానిపై నీడకు ఒక కప్పు కూడా దించింది. ఎండ తగిలితే ఊదా, నీలం మెరుపులు తిరిగే మగపిట్ట మందార కొమ్మపై కూర్చుని పాడడమే తప్ప ఒక్క పోచ అందించిన పాపాన పోలేదు; పిల్లలు పుట్టాక మాత్రం మేత తేవడంలో తానూ పాలుపంచుకుంది. ఆ మేత తేనె కాదు, చిన్న చిన్న పురుగులూ సాలీళ్లూను. ఎదిగే ఒంటికి కావలసిన మాంసకృత్తులు పూల తేనెలో దాదాపుగా ఉండవు. పిల్లలు ఎగిరిపోయేదాకా వసారాలో బూజు దులపవద్దని ఇంట్లో అందరినీ ఒప్పించగలిగాను, ఒక్క మా అత్తయ్యను తప్ప.

బట్టలారేసే తీగ మీద పచ్చని చిన్న పిట్ట ఒకటి కాపు వేస్తుంది. తేనెటీగను గాలిలోనే పట్టి, తిరిగి వచ్చి, దాన్ని తీగకేసి కొట్టి, కొండి ఊడేదాకా రుద్ది గాని మింగదు. పాలపిట్టను దసరానాడు చూస్తే శుభమంటారు గాని, నన్నడిగితే దాన్ని చూడవలసింది ఇప్పుడే. మొండి తాటిచెట్ల తొర్రల్లో గూడు పెట్టే ఈ కాలంలోనే మగపిట్ట ఆకాశానికి ఎగిరి, అరుస్తూ, దొర్లుతూ కిందికి దిగుతుంది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి మామిడిచెట్టు మీది ఎర్రచీమలు. రెండు ఆకుల మధ్య ఎడం ఎక్కువైతే, ఒకదాని నడుము మరొకటి పట్టుకుని వరుసకట్టి, ఆకుల అంచులను దగ్గరకు లాగుతాయి. అంచులు కలిశాక మరికొన్ని చీమలు తమ గూటిలోని లార్వాలను నోట కరచుకుని వచ్చి, ఈ అంచుకొకసారి ఆ అంచుకొకసారి తాకిస్తుంటే, ఆ పసికూనలు విడిచే పట్టుదారంతో ఆకులు అతుక్కుపోతాయి. ఎదిగిన చీమలు ఆ దారం తీయలేవు. మామిడికి చేటు చేసే పురుగులను ఇవి వేటాడతాయన్నది నిజమే, కానీ చెట్టు రసం పీల్చే పిండినల్లి విసర్జించే తీపి ద్రవం కోసం ఆ పిండినల్లికే కాపలా కాస్తాయి కనుక వీటిని రైతు నేస్తాలని ఒక్కమాటలో తేల్చేయడం నాకు సమ్మతం కాదు. అయినా మందు కొట్టించలేదు. కాయలు దింపడానికి వచ్చిన ముసలాయనతో గూళ్లున్న కొమ్మలను వదిలేయమని చెబితే, ఆయన చిక్కం భుజాన వేసుకుంటూ, “మీరు సెప్పాలా తల్లీ, ఆ కొమ్మ జోలికి ఎవులు ఎల్తారు!” అన్నాడు.