మన పందికొక్కు, ఇంగ్లీషోళ్ల బ్యాండికూట్

హాస్టల్లో ఉన్నవాళ్లకు పందికొక్కు గురించి కొత్తగా చెప్పేదేముంది! స్టోర్‌రూమ్ గోడ కింద బొరియలు, బస్తాల అడుగున చిల్లులు, నేలంతా బియ్యం. పిల్లులు కూడా దాని జోలికి పోయేవి కావు. వంట పెద్దమ్మ దాన్ని తిట్టిన తిట్లు ఈ సంచికలో అచ్చు వేయలేం.

దాని పేరు ఇంగ్లీషులోకి పోయిందని చెప్పింది మన ఇంగ్లీష్ సారు. ఎనిమిదో తరగతిలో కంగారూ గురించి చెబుతూ, ఆ ఆస్ట్రేలియాలోనే బ్యాండికూట్ అనే జంతువు ఉందని, ఆ పేరు మన పందికొక్కుదేనని అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. "నవ్వకుండ్రి రా, నిజమే చెప్తున్న" అన్నాడు సారు. నిజమే. పెద్ద ఇంగ్లీష్ డిక్షనరీలు ఆ మాట తెలుగు నుంచే వచ్చిందని రాస్తాయి. కొక్కు అంటే పెద్ద ఎలుక. బెదిరిస్తే పందిలా గుర్రుమంటుంది కాబట్టి పందికొక్కు. 1873లో గ్రే అనే శాస్త్రవేత్త ఈ ఎలుకల ప్రజాతికి బ్యాండికోటా అని పేరు పెట్టాడు. అంటే లాటిన్ పేర్ల వరుసలోనూ మన మాటే కూర్చుంది.

ఆస్ట్రేలియా జంతువుకు మాత్రం ఆ పేరు అన్యాయంగా అంటింది. అక్కడికి పోయిన తెల్లవాళ్లు పొడుగు మూతి చూసి, ఇండియాలో విన్న పేరునే తగిలించారు. అది ఎలుక కానే కాదు, కంగారూలా సంచి ఉన్న జంతువు. ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, మట్టి తవ్వేటప్పుడు పిల్లల మీద పడకుండా. కొన్ని రకాల్లో కడుపులో పడ్డ 12 రోజులకే పిల్లలు పుడతాయి. కంగారూ అంటే "నాకు తెలియదు" అని అర్థమనే కథ ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. అది ఉత్త కథ. 1770లో ఇంగ్లీష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడ ఆగిన చోట ఉండే గూగు యిమిదిర్ అనే ఆదివాసీ జనం ఒక రకం కంగారూను గంగురు అనేవాళ్లు, అంతే.

మన పందికొక్కు తిండిబోతే కాదు, దాచుకునేది కూడా. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లవాళ్లను అడగండి. వరి కోతలయ్యాక గట్లు తవ్వి, బొరియల్లో అది పోగేసిన కంకులు తీసుకునేవాళ్లు ఉండేవాళ్లు. మిర్యాలగూడ రైస్ మిల్లులవాళ్లకైతే దానితో ఎప్పుడూ టెన్షనే. ఎవరైనా లంచాలు మింగితే "పందికొక్కులా మేస్తుండు" అనడం మనకు అలవాటు.

మా అన్న కొడుకు క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ ఆడుతుంటే ఇదంతా చెప్పాను. "బాబాయ్, గది ఆస్ట్రేలియాది, ఎలుక కాదు" అని నాకే పాఠం చెప్పాడు. అది 1996లో వచ్చిన ఆట, వాడన్నది కరెక్టే. నాకు ఎక్కువ నచ్చింది కేరళ కుర్రాళ్ల పని. ఇంజనీరింగ్ చదువుకున్న ఆ పిల్లలు మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగే అవసరం లేకుండా శుభ్రం చేసే రోబోను చేసి, దానికి బ్యాండికూట్ అని పేరు పెట్టారు. ఇన్ని చోట్ల తిరిగిన ఆ పేరు, నన్నడిగితే, సరిగ్గా అతికింది అక్కడే.