బెంగళూరు మిద్దె మీద గ్రహాలు

బెంగళూరులో ఉంటూ టెలిస్కోపు కొనడం డబ్బు దండగ అనేవారు చాలామంది ఉన్నారు. వీధి దీపాలూ ప్రకటన బోర్డులూ కలిసి ఆకాశాన్ని తెల్లవార్లూ బూడిద రంగులో ఉంచుతాయి కాబట్టి, ఊరు దాటి దూరం వెళ్తే తప్ప ఏమీ కనిపించదని వారి వాదన. పాలపుంతనో, ఆండ్రోమెడా గెలాక్సీ అంచులనో చూడాలనుకునేవారి విషయంలో అది నిజమే. అయితే చంద్రుడికీ, గ్రహాలకూ, జంట నక్షత్రాలకూ చీకటితో పెద్దగా పని లేదు; వాటికి కావలసింది నిలకడగా ఉండే గాలి.

పైగా బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉండడం మనకు కలిసొచ్చిన సంగతి. 2020 జులైలో గురుడు ధనూరాశిలో ఉన్నప్పుడు లండన్‌లో దిక్చక్రం నుంచి 17 డిగ్రీల ఎత్తుకు మించి లేవలేదు. మనకు మాత్రం 55 డిగ్రీల దాకా వచ్చాడు. ఎత్తు పెరిగేకొద్దీ మధ్యలో అడ్డుపడే గాలి పొర పలచబడుతుంది కనుక, అక్కడివారు ఖరీదైన పరికరాలతో పడే తిప్పలు మనకు సగం తగ్గినట్లే.

మా మిద్దె మీద ఉన్నది 8 అంగుళాల అద్దం గల డాబ్సోనియన్, అంటే తిరిగే పీట మీద చేత్తో తిప్పుకునే టెలిస్కోపు. దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1200 మి.మీ. కాబట్టి 10 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 120 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. మోటారు లేదు. భూభ్రమణం వల్ల గ్రహం దాదాపు 100 సెకన్లలో ఐపీస్ ఒక అంచు నుంచి రెండో అంచుకు జరిగిపోతుంది గనుక, కన్ను తీయకుండానే గొట్టాన్ని వేలితో కొద్దికొద్దిగా నెట్టడం అలవాటు చేసుకోవాలి. చిక్కల్లా నడినెత్తిన వస్తుంది. గొట్టం నిట్టనిలువుగా ఉన్నప్పుడు గ్రహం రవ్వంత పక్కకు జరిగినా కింది పీట మొత్తాన్ని బాగా తిప్పవలసి వస్తుంది. మిథున రాశిలోని గురుడు మనకు 80 డిగ్రీలు దాటి పైకి వస్తాడు కాబట్టి, ఆ వేళకు ఒక గంట ముందో వెనకో చూడడం ఉత్తమం.

అంతకంటే పెద్ద శత్రువు కాంక్రీటు. పగలంతా ఎండను తాగిన మిద్దె రాత్రి పది దాటేవరకూ ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. అంతవరకూ గురుడు కాగే నీళ్ల అడుగున పడిన రూపాయి బిళ్లలా వణుకుతుంటాడు. (పక్కింటి ఏసీ ఔట్‌డోర్ యూనిట్ మన వైపే తిరిగి ఉంటే ఇక చెప్పనక్కరలేదు.) అద్దం బయటి చల్లదనానికి అలవాటు పడేలా టెలిస్కోపును గంట ముందే బయట పెట్టి, అర్ధరాత్రి దాటాక చూస్తే, గురుడి మీది మేఘాల పట్టీల అంచుల్లోని ముడులూ, ఆ ముఖం మీద ఉపగ్రహం వేసే చిన్న నల్లని నీడా తేటగా తెలుస్తాయి.

సొంత చోటు నుంచి ఆకాశాన్ని శ్రద్ధగా చూడడం తెలుగువారికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత వేధశాల కట్టించుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని విశాఖలోనే పరిశీలించారు.

ఇంటికి వచ్చినవారికి ఏప్రిల్‌లో నేను మొదట చూపించేది సప్తర్షి మండలంలో అరుంధతి పక్కనుండే వశిష్ఠ నక్షత్రాన్నే. మొన్న అనంతపురం నుంచి వచ్చిన మా అత్తగారు ఐపీస్‌లో కన్ను పెట్టి, "పెళ్లినాడు పంతులుగారు పట్టపగలు వేలు పెట్టి చూపించారు నాయనా, నాకు పందిరి ఆకులే కనిపించాయి" అన్నారు. అరుంధతి ఎడంగా ఒక పక్కన ఉండగా, వశిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోయి కనిపించాడు. టెలిస్కోపుతో గుర్తించిన తొలి జంట నక్షత్రాల్లో ఇది ఒకటి. 1617లో గెలీలియో దీన్ని పరిశీలించాడు. వర్ణపటాల (నక్షత్ర కాంతిని రంగులుగా విడదీసి చూసే పట్టీల) ఆధారంగా ఆ రెండింటిలో ప్రతి ఒక్కటీ మళ్లీ జంటేనని తేలింది, అరుంధతికీ ఒక తోడు ఉంది, వెరసి ఆరు. "అయితే అది కాపురం కాదు, ఉమ్మడి కుటుంబం" అన్నారావిడ.

వశిష్ఠుడు ఉత్తరాన మధ్యాహ్నరేఖకు (ఆకాశంలో ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే గీతకు) చేరే వేళకే, దక్షిణాన ఒమేగా సెంటారీ అనే గోళాకార నక్షత్రగుచ్ఛం (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు) కూడా తన గరిష్ఠ ఎత్తుకు, అంటే 29 డిగ్రీలకు, చేరుతుంది. దీనికి మాత్రం చీకటి కావాలి. మిద్దె మీద అది వెలిసిపోయిన మరకే. ఉత్తరాన ఉన్న హిందూపురం వెళ్తే బెంగళూరు నగరం వెలుగు సరిగ్గా దక్షిణానే పడుతుంది కనుక లాభం లేదు. కనకపుర దాటి దక్షిణంగా పోవాలి, అదీ అమావాస్యకు అటూ ఇటూగా, వేసవి మబ్బులు పట్టకముందే.