గరగర కూడా వినిపించారు

"బాబూ, ముందు ఈ గరగర వినండి" అంటూ, నేను సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకున్న యాంప్లిఫయర్ ఓనరు వీడియో కాల్‌లో దాని వాల్యూమ్ నాబ్ అటూ ఇటూ తిప్పారు. ఎడమ స్పీకర్‌లో నిజంగానే గరగర. నేను అడగనే లేదు.

అప్పటిదాకా టెన్షనే. ఫోటోల్లో అన్నీ తళతళలాడతాయి, హమ్ (స్పీకర్‌లోంచి ఆగకుండా వచ్చే సన్నటి మోత) వినపడదుగా! వస్తువు నిజంగా ఆయన దగ్గరే ఉందని తెలియడానికి, సీరియల్ నంబర్ పక్కన ఈరోజు తేదీ రాసిన చీటీ పెట్టి ఫోటో తీయమంటే ఏమనుకుంటారో అనుకున్నా. నవ్వి, చీటీ మీద నా పేరు కూడా రాసి పంపారు.

ఆ గరగర చాలావరకు నాబ్ లోపలి దుమ్మే. కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రికల్ భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కొడితే మామూలుగా పోతుంది. దాచి ఉంటే మాత్రం బేరం అక్కడే ఆగేది.

ఆయనకీ నా మీద అనుమానం ఉంటుంది కదా. అందుకే కొంచెం అడ్వాన్స్ పంపాను, మిగతాది గుణుపూర్‌లో వాళ్ళింట్లో పాట విన్నాకే. పర్లాకిమిడి నుంచి రైల్లో వెళ్తా. తిరుగు ప్రయాణంలో ఆ బరువు ఎవరు మోస్తారన్నదే ఇంట్లో గొడవ.